ఎడమ గ్రూప్ పులుపు, కుడి గ్రూప్ పల్చన: ఒక ఎస్ప్రెసో మెషిన్ కేసు

మెషిన్: రెండు గ్రూపుల (కాఫీ దిగే తలల) హీట్ ఎక్స్ఛేంజర్ రకం. రాగి బాయిలర్, రోటరీ పంపు, 58 మిల్లీమీటర్ల పోర్టాఫిల్టర్లు (కాఫీ పొడి నింపే పిడి ఉన్న గిన్నెలు), ఫ్లోమీటర్‌తో కొలత పెట్టుకునే బటన్లు.

వాడకం: కాఫీ షాపు. పొద్దున, సాయంత్రం గట్టి రద్దీ. మధ్యలో గంటల తరబడి ఖాళీ.

ఫిర్యాదులు: ఎడమ గ్రూప్ కాఫీ పుల్లగా వస్తోంది. కుడి గ్రూప్ కాఫీ గబగబా దిగిపోయి పల్చగా ఉంటోంది. స్టీమ్‌తో పాటు నీళ్లు వచ్చి పాలు నురగ కట్టడం లేదు. పొద్దున్నే స్టీమ్ తెరిస్తే పులిసిన వాసన.

అంతకుముందు జరిగిన వైద్యం: పంపు మార్చారు. షవర్ స్క్రీన్లు (గ్రూప్ అడుగున నీళ్లు చల్లే జల్లెడలు) మార్చారు. గ్రైండ్ (పొడి మెత్తదనం) ఎన్నిసార్లు సర్దారో లెక్కే లేదు. ఏదీ పనిచేయకపోయేసరికి ఓనరు ఈ మెషిన్ వదిలించుకుని డ్యూయల్ బాయిలర్ (రెండు బాయిలర్ల మెషిన్) కొందామన్న నిర్ణయానికి దాదాపుగా వచ్చేశారు. "కొనే ముందు ఒకసారి చూడండి, ఇది బాగుపడే రకమేనా కాదా చెప్పండి చాలు" అన్నారు. నాకు అప్పజెప్పిన పని అంతవరకే.

బరిస్టా చెప్పిన ఆనవాలు

మెషిన్ మూత తీయకముందే దాని ముందు నిలబడే అమ్మాయితో మాట్లాడాను. రుచి తేడా ఓనరుకూ తెలుస్తుంది, కానీ ఆ తేడా ఎప్పుడు వస్తుందో రోజంతా దాంతో పెనుగులాడే మనిషికే తెలుస్తుంది. ఆ అమ్మాయి ఇలా చెప్పింది: "రద్దీలో ఎడమది బాగానే ఇస్తుంది సార్. నాలుగైదు కప్పులు వరసగా తీస్తే దారిలో పడుతుంది. జనం లేనప్పుడు తీసే మొదటి కప్పే ఏడిపిస్తుంది."

హీట్ ఎక్స్ఛేంజర్ మెషిన్ల సంగతి తెలిసినవాళ్లకు ఈ మాట వినగానే చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్న మెషిన్ దీనికి సరిగ్గా తిరగబడి నడవాలి. ఖాళీగా ఉన్న తర్వాత తీసే మొదటి కప్పు మరీ వేడిగా, చేదుగా రావాలి. వరసగా తీస్తూ పోతే వేడి తగ్గి కుదుటపడాలి.

ఈ రకం మెషిన్‌లో బాయిలర్ ఒక్కటే. అందులో సగానికి పైగా నీళ్లు, పైన ఆవిరి. ప్రెషర్ 1.2 బార్ దగ్గర ఉంటే లోపలి నీళ్లు 123 డిగ్రీల చుట్టుపక్కల ఉంటాయి. ఆ నీళ్లు కాఫీలోకి రావు. బాయిలర్ మధ్యలోంచి ఒక్కో గ్రూపుకూ ఒక్కో రాగి గొట్టం వెళుతుంది. బటన్ నొక్కితే పంపు చల్లటి కొత్త నీళ్లను ఆ గొట్టంలోకి తోస్తుంది, దాటిపోయే లోపు అవి వేడెక్కి గ్రూపుకు చేరతాయి. మరి ఎవరూ బటన్ నొక్కనప్పుడు గ్రూప్ హెడ్ చల్లారిపోకూడదు కదా. ఈ తరహా గ్రూప్ హెడ్ దాదాపు 4 కిలోల ఇత్తడి ముద్ద. దాన్ని వేడిగా ఉంచడానికి ఎక్స్ఛేంజర్ గొట్టానికీ గ్రూపుకూ మధ్య రెండు చిన్న గొట్టాలు పెడతారు. వేడి నీళ్లు తేలిక కాబట్టి పై గొట్టంలో గ్రూపుకు ఎక్కుతాయి. అక్కడ వేడి వదిలి బరువెక్కి కింది గొట్టంలోంచి వెనక్కి దిగుతాయి. మోటారు లేదు, వాల్వ్ లేదు, నీళ్లు వాటంతట అవే రోజంతా తిరుగుతుంటాయి. దీన్నే థర్మోసైఫన్ అంటారు.

ఈ ఏర్పాటుకు పేరు తెచ్చింది 1961లో ఫాయెమా కంపెనీ తెచ్చిన ఈ61. ఆ ఏడాది వచ్చిన సూర్యగ్రహణం మీదుగా పెట్టిన పేరది. అంతకు ముందు తరాల గురించి రెండు మాటలు. 1884లో ట్యూరిన్‌లో ఆంజెలో మోరియోండో, 1901లో లుయిజీ బెజ్జెరా పేటెంట్ తీసుకున్న యంత్రాలు ఆవిరి ఒత్తిడితో నడిచేవి. అంటే ఒకటి, ఒకటిన్నర బార్, పైగా మరిగిపోయిన నీళ్లు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అకిల్లె గాజియా స్ప్రింగు లివర్ తెచ్చాకే కాఫీ మీద క్రీమా అనే బంగారు రంగు నురగ వచ్చింది. ఆ లివర్ లాగే పనిని ఎలక్ట్రిక్ పంపు చేతికిచ్చింది ఈ61. ఇప్పటికీ చాలా షాపుల్లో కనిపించే గ్రూపులు దాని వంశమే, మనం మాట్లాడుకుంటున్న మెషిన్ కూడా.

కాబట్టి ఖాళీ సమయంలో ఎడమ గ్రూప్ చల్లబడుతోందంటే అక్కడ ఆ నీళ్ల తిరుగుడు ఆగిపోయిందని అనుమానించాలి. రద్దీలో పంపు బలవంతంగా వేడి నీళ్లు తోస్తుంది కాబట్టి ఇత్తడి మెల్లగా వేడెక్కి కాఫీ బాగుపడుతోంది. మొదటి అనుమానం అదే. ఇక కొలిచి చూడాలి.

కొలతలు

ముందు పంపు. గేజ్ 11 బార్ చూపిస్తోంది. కొత్త పంపు పెట్టినాయన ఎడమ గ్రూప్ నెమ్మదిగా ఉందని స్క్రూ తిప్పి ప్రెషర్ పెంచి వెళ్లారట. పంపు రెండు గ్రూపులకూ ఒక్కటే. పంపుకే జబ్బు చేస్తే రెండు గ్రూపులూ ఒకేలా మంచం పట్టాలి, ఒకటి నెమ్మదించి ఇంకొకటి పరుగెత్తదు. పైగా ఈ మెషిన్‌లో ప్రెషర్ గేజ్ ఉండేది జిక్లర్‌కు ముందు. జిక్లర్ అంటే గ్రూపులోకి వెళ్లే నీటి వేగాన్ని కట్టడి చేసే సన్న రంధ్రం ఉన్న చిన్న ఇత్తడి మర, ఇందులో రంధ్రం 0.7 మిల్లీమీటర్లు. అది పూడుకుపోయినా గేజ్ మీద ముల్లు హాయిగా 9 మీదే నిలబడుతుంది. గేజ్ బాగుందని గ్రూప్ బాగున్నట్టు కాదు. పంపును తిరిగి 9 బార్‌కు తెచ్చి అక్కణ్ణించి కొలవడం మొదలుపెట్టాను.

పోర్టాఫిల్టర్ తీసేసి ఉత్త నీళ్లు 30 సెకన్లు జగ్గులోకి పట్టాను. కుడి గ్రూప్ 250 మిల్లీలీటర్లు ఇచ్చింది. ఎడమది 110.

తర్వాత బాస్కెట్‌లో థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) పెట్టి, మెషిన్‌ను అరగంట ముట్టుకోకుండా వదిలేసి వేడి చూశాను. కుడి గ్రూప్ మొదట 97 డిగ్రీలు, కాసిన్ని నీళ్లు వదిలాక 93. ఈ రకం మెషిన్ అలాగే ఉండాలి. ఎడమది మొదటి షాట్‌లో 84, నాలుగైదు లాగాక 91. ఎస్ప్రెసోకు 90 నుంచి 96 మధ్య ఉండాలని చూసుకుంటాం. 84 దగ్గర తీసిన కాఫీ పుల్లగా కాక ఇంకెలా ఉంటుంది?

ఇక పక్క ప్యానెల్ తీసి గొట్టాలు చూశాను. కుడి వైపు రెండు గొట్టాలూ వేలు ఆనించలేనంత వేడి. ఎడమ వైపు పై గొట్టం చురుక్కుమంది. కింది గొట్టాన్ని రెండు వేళ్లతో పట్టుకుని మాట్లాడుతూ నిలబడగలిగాను. నీళ్లు తిరగడం లేదని చెప్పడానికి ఇంతకంటే మీటరు అక్కర్లేదు. ఈ పరీక్ష చేసేటప్పుడు చెయ్యి ఎలిమెంట్ (నీళ్లను మరిగించే కాయిల్) వైర్ల వైపు పోకుండా చూసుకోవాలి, వీలైతే ప్లగ్ తీసేసిన వెంటనే ముట్టుకోవాలి.

కుడి గ్రూప్ పల్చదనం సంగతి షాట్ టైములతో తేలింది. ఒకే గ్రైండ్, 18 గ్రాముల పొడి, కప్పులోకి 36 గ్రాములు. ఎడమ 29 సెకన్లు, కుడి 20. గ్రైండర్ ఒక్కటే ఉంది. ఎడమ గ్రూపులో నీళ్లు బొట్టుబొట్టుగా చేరుతుండటంతో తొలి చుక్క ఆలస్యమయ్యేది. దానికి తగ్గట్టు వీళ్లు గ్రైండ్‌ను బరకగా చేస్తూ వచ్చారు. ఆ బరక పొడిలోంచి కుడి గ్రూప్ నీళ్లు అడ్డూ ఆపూ లేకుండా పోతున్నాయి. జబ్బు పడింది ఎడమది, మందు మింగింది కుడిది. ఓనరు గారేమో రెండూ వేరువేరు జబ్బులనుకుని టెన్షన్ పడుతున్నారు.

స్టీమ్ సంగతి సైట్ గ్లాస్ (బాయిలర్ నీటి మట్టం చూపే గాజు గొట్టం) చెప్పింది. నీటి మట్టం పై గీత దాటి చాలా ఎత్తున ఉంది. బాయిలర్ నింపాలో వద్దో చెప్పేది లోపల వేలాడే ఒక లోహపు పుల్ల, లెవెల్ ప్రోబ్. నీళ్లు దాన్ని తాకితే సన్నటి కరెంటు నీళ్లలోంచి బాయిలర్ గోడకు చేరుతుంది, నింపే వాల్వ్ మూసుకుంటుంది. పుల్లకు గార (నీళ్లలోని సున్నం కట్టే తెల్ల పొర) పడితే కరెంటు పారదు. నీళ్లు తాకినా ఇంకా తాకలేదనుకుని మెషిన్ నింపుతూనే ఉంటుంది. ఆవిరికి చోటు తగ్గిపోతుంది, వాండ్‌లోంచి (స్టీమ్ వచ్చే గొట్టంలోంచి) నీళ్లు చిమ్ముతాయి.

పులిసిన వాసనకు కారణం బాయిలర్ నెత్తి మీద ఉండే చిన్న యాంటీ వాక్యూమ్ వాల్వ్. రాత్రి మెషిన్ ఆపేశాక ఆవిరి చల్లారి నీరవుతుంది, లోపల గాలి ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు ఈ వాల్వ్ కిందికి జారి బయటి గాలిని లోపలికి రానివ్వాలి. ఇది గార పట్టి మూసుకున్నట్టే బిగిసిపోయింది. గాలికి దారి లేక బాయిలర్ స్టీమ్ వాండ్ లోంచి పీల్చుకుంటోంది. వాండ్ కొసన మిగిలిన పాలతో సహా. ఇదే వాల్వ్ వల్ల పొద్దున ఇంకో మోసం కూడా జరుగుతుంది: లోపల చిక్కుకున్న గాలి వేడికి వ్యాకోచించి గేజ్ త్వరగా 1 బార్ చూపిస్తుంది, ప్రెషర్‌స్టాట్ (ప్రెషర్ చూసి ఎలిమెంట్‌ను ఆపే స్విచ్) నమ్మి ఎలిమెంట్ ఆపేస్తుంది, వాండ్ తెరవగానే ముల్లు కూలిపోతుంది. ఆ షాపులో ఇది రోజూ చూస్తున్నారు, "పాత మెషిన్ కదా" అని సర్దుకుపోతున్నారు.

అన్నిటికీ ఒకే మూలం

నాలుగు ఫిర్యాదుల వెనకా గారే కనిపిస్తోంది. మరి నీళ్లకు సాఫ్ట్‌నర్ ఉందిగా అంటే, ఉంది. కౌంటర్ కింద, మూలన, స్టీలు సిలిండర్. డ్రాప్ టెస్ట్ కిట్‌తో పైపు నీళ్లు చూస్తే రంగు మారడానికి 16 చుక్కలు పట్టింది. చుక్కకు 17.8 పీపీఎం (పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు) లెక్కన 285 దాకా హార్డ్‌నెస్, అంటే నీళ్లలోని సున్నం లెక్క. సాఫ్ట్‌నర్ దాటిన నీళ్లకు 15 చుక్కలు. అంటే ఆ సిలిండర్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇలాంటి సాఫ్ట్‌నర్‌లో రెజిన్ గుళికలు ఉంటాయి. అవి నీళ్లలోని కాల్షియాన్ని పట్టుకుని బదులుగా సోడియం వదులుతాయి. వాటి దగ్గరున్న సోడియం అయిపోయాక ఉప్పు నీళ్లు పట్టించి మళ్లీ నింపాలి. మెషిన్ బిగించిన రోజున ఈ సంగతి ఎవరో ఎవరికో చెప్పే ఉంటారు. ఆ చెప్పించుకున్న ఉద్యోగి ఇప్పుడు అక్కడ లేరు. "అందులో ఉప్పు వేయాలా అండీ? నీళ్లలోకి ఉప్పెందుకు?" అని అడిగారు ఓనరు. అడగాల్సిన ప్రశ్నే, కాకపోతే కాస్త ఆలస్యంగా.

గార ఎడమ వైపే ఎందుకు ఎక్కువ పట్టిందంటే, మెషిన్ మెమరీలోని కప్పుల లెక్క తీసి చూశాం. ఎడమ గ్రూప్ కుడిదానికి దాదాపు మూడింతలు తిరిగింది. గ్రైండర్ ఎడమ పక్కనే ఉంది, చెయ్యి అటే పోతుంది. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడి తగిలిన చోట కార్బొనేట్‌గా మారి గోడకు అంటుకుంటుంది. ఎన్ని కొత్త నీళ్లు పారితే అంత గార.

ఆసిడ్ పోయాలా, విప్పాలా

తేలిక దారి ఒకటుంది: మెషిన్ విప్పకుండా డీస్కేలింగ్ మందు లోపలికి పంపి కాసేపు ఉంచి కడిగేయడం. తొలి దశలో ఉన్న పల్చటి గారకు, చిన్న మెషిన్లకు అది సరిపోతుంది. ఇక్కడ నేను ఒప్పుకోలేదు. గార మందంగా ఉన్నప్పుడు ఆసిడ్ దాన్ని పూర్తిగా కరిగించదు, పెచ్చులుగా ఊడదీస్తుంది. ఆ పెచ్చులు నీళ్లతో ప్రయాణం చేసి జిక్లర్ దగ్గరో, సొలినాయిడ్ వాల్వ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వ్) సీటు మీదో కూర్చుంటాయి. ఇప్పటికే పూడుకుపోయిన థర్మోసైఫన్ గొట్టంలోకి అసలు ఆసిడే చేరదు. రెండు రోజులు షాపు మూసైనా విప్పాల్సిందేనని చెప్పాను. కొంత బేరం జరిగింది. చివరికి సరేనన్నారు.

ప్లగ్ తీసి, ప్రెషర్ సున్నాకు దించి, చల్లారనిచ్చి బాయిలర్ ఖాళీ చేశాం. మొదట వచ్చిన నీళ్లు మబ్బుగా, విరిగిన పాల వాసనతో వచ్చాయి. ఓనరు గారు ముక్కు మూసుకున్నారు. అమెరికానోల్లోకి, టీలోకి వేడి నీళ్లు పట్టింది ఈ బాయిలర్ నుంచేనని ఆయనకు గుర్తొచ్చినట్టుంది, ఏమీ మాట్లాడలేదు.

ఎడమ జిక్లర్ తీసి వెలుతురుకు పెట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా లేదు. ఒక పక్క నుంచి గార పెరిగి నెలవంకలా మిగిలింది. దాన్ని సూదితోనో డ్రిల్లు ముక్కతోనో పొడవకూడదు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే గ్రూప్ స్వభావమే మారిపోతుంది. ఆసిడ్‌లో నానబెట్టి, విద్యుత్ తీగలోంచి లాగిన ఒక్క రాగి పోగుతో మెల్లగా శుభ్రం చేశాను. థర్మోసైఫన్ కింది గొట్టం వంపు దగ్గర విప్పితే లోపల తెల్లటి గట్టి బెండు బిగుసుకుని ఉంది. మధ్యలో అగ్గిపుల్ల కూడా దూరదు. ఎలిమెంట్ మీద గార గుడ్డుపెంకు మందం దాటి పెరిగి అక్కడక్కడా పగిలింది. అత్యంత వేడి అక్కడే కాబట్టి గార కూడా అక్కడే ఎక్కువ పడుతుంది. ఎక్స్ఛేంజర్ గొట్టాల మీద గార పొర మాత్రం పల్చగానే ఉంది.

మందపు గారకు సల్ఫామిక్ ఆసిడ్, పల్చటిదానికి గోరువెచ్చని నీళ్లలో 5 శాతం సిట్రిక్ ఆసిడ్ వాడాను. సిట్రిక్‌ను మరీ చిక్కగా కలిపి మరిగించేవాళ్లున్నారు. అలా చేస్తే కాల్షియం సిట్రేట్ అనే కొత్త తెల్ల మడ్డి తయారై అది ఇంకో తలనొప్పి. వెనిగర్ జోలికి నేను పోను, వాసన గ్యాస్కెట్లలో ఉండిపోతుంది. సల్ఫామిక్ ఉన్న దరిదాపుల్లోకి బ్లీచింగ్ మందు రానివ్వకూడదు, విషవాయువులు పుడతాయి. క్రోమ్ పూత ఉన్న భాగాలను, అల్యూమినియం ముక్కలను ఆ తొట్టిలో వేయకూడదు. కడిగిన ప్రతి భాగాన్నీ వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి, తర్వాత మంచి నీళ్లతో జాడించాం.

కొత్తగా వేసినవి: బాయిలర్ ఫ్లాంజ్ గ్యాస్కెట్, రెండు గ్రూప్ గ్యాస్కెట్లు, యాంటీ వాక్యూమ్ వాల్వ్, లెవెల్ ప్రోబ్, సేఫ్టీ వాల్వ్. సేఫ్టీ వాల్వ్ మీద ఒక మాట. ప్రెషర్‌స్టాట్ మొరాయించి ప్రెషర్ 1.8 బార్ చుట్టుపక్కలకు చేరితే ఆవిరిని బయటికి వదిలేది అదే. గార పట్టిన సేఫ్టీ వాల్వ్‌ను కడిగి మళ్లీ బిగించే ధైర్యం నాకు లేదు, ఎవరూ చేయకూడదని నా గట్టి అభిప్రాయం. ఎలిమెంట్‌ను మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) పరీక్షించాను, పాసైంది కాబట్టి దాన్నే ఉంచాను.

బిగించాక మళ్లీ అదే పరీక్ష: 30 సెకన్లకు ఎడమ 245 మిల్లీలీటర్లు, కుడి 250. ఖాళీగా ఉంచి తీస్తే రెండు గ్రూపులూ 97 దగ్గర, నీళ్లు వదిలాక 93. ఎడమ వైపు కింది గొట్టం ఇప్పుడు వేలు కాలుస్తోంది.

బాగయ్యాక వచ్చిన ఫిర్యాదు

తెరిచిన మర్నాడే ఫోన్. "ఎడమది ఇప్పుడు మాడు వాసన వస్తోంది, రెండూ నీళ్లలా దిగుతున్నాయి."

అనుకున్నదే. గ్రైండ్ ఇంకా పాత బరకలోనే ఉంది. ఎడమ గ్రూపు అడ్డంకి పోయింది కాబట్టి రెండూ 20 సెకన్లకే దిగిపోతున్నాయి. మెత్తగా చేసి 28 దగ్గర నిలిపాం. మాడు వాసనకు కారణం అలవాటు. ఎడమ గ్రూప్ చల్లగా ఉండేది కాబట్టి బిగించే ముందు నీళ్లు వదలడం అందరూ మానేశారు. ఇప్పుడది మామూలు హీట్ ఎక్స్ఛేంజర్‌లా నడుస్తోంది, ఖాళీ తర్వాత మొదటి నీళ్లు బుసబుసమంటూ ఆవిరితో వస్తాయి. ఆ బుస ఆగి ధార నున్నగా మారేదాకా వదిలి, వెంటనే పోర్టాఫిల్టర్ బిగించాలి. రద్దీలో వరసగా తీస్తున్నప్పుడు ఇది అక్కర్లేదు. రెండు రోజుల్లో ఆ అమ్మాయికి చెవితోనే పట్టుబడింది.

డ్యూయల్ బాయిలర్ కొని ఉంటే?

ఓనరు గారి అసలు ప్రశ్న ఇదే కదా. డ్యూయల్ బాయిలర్‌లో కాఫీ నీళ్లకు ఒకటి, ఆవిరికి ఒకటి బాయిలర్ ఉంటాయి. కాఫీ బాయిలర్ వేడిని పీఐడీ కంట్రోలర్ డిగ్రీలో చిన్న భాగం దాకా పట్టి ఉంచుతుంది, నీళ్లు వదిలే తతంగం ఉండదు. రుచిలో సూక్ష్మాలు వెతికేవాళ్లకు, గింజలు తరచూ మార్చేవాళ్లకు అది నిజంగా మేలైన మెషిన్. కానీ ఆ 285 పీపీఎం నీళ్లతో దాని గతి ఏమయ్యేది? ఆవిరి బాయిలర్‌లోంచి శుద్ధమైన ఆవిరి బయటికి పోతుంది, లవణాలన్నీ లోపలే మిగిలి చిక్కబడతాయి. ఇదే ప్రోబ్, ఇదే వాల్వ్, ఇదే పాల వాసన. కాఫీ వైపు నీళ్లు ఆవిరి కావు కాబట్టి గార కొంచెం తక్కువే పడుతుంది. కానీ సెన్సర్ మీద పొర కడితే వేడిని ఆలస్యంగా పసిగడుతుంది. విప్పే పని ఇంతకంటే ఎక్కువ. అదే మాట చెప్పాను. కొనడం ఆగిపోయింది.

మిగతా రకాల్లో ఇదే నీళ్లు ఎక్కడ దెబ్బ కొడతాయో కూడా అడిగారు, ఎందుకంటే ఆయన ఇంట్లో థర్మోబ్లాక్ మెషిన్ ఒకటుంది. అన్నిటిలోకీ గారకు త్వరగా లొంగేది అదే. లోహపు దిమ్మలో మెలికలు తిరిగిన సన్నటి దారి, అందులో నీళ్లు పోతూ పోతూ వేడెక్కుతాయి. బాయిలర్‌లో అయితే గార పట్టడానికి గోడలున్నాయి, ఇక్కడ పట్టిందంటే దారే మూసుకుపోతుంది. చాలావాటిని విప్పలేం కూడా. కాబట్టి దానికి విప్పే వైద్యం కాదు, పల్చటి డీస్కేలింగ్ క్రమం తప్పకుండా చేయాలి. దిమ్మ అల్యూమినియం అయితే తయారీదారు చెప్పిన మందు తప్ప ఇంకోటి పోయకూడదు.

సింగిల్ బాయిలర్‌ది వేరే తిప్పలు. అదే బాయిలర్ కాఫీకి 93, ఆవిరికి 120 పైన మారుతూ ఉండాలి. స్టీమ్ వాడిన వెంటనే నీళ్లు మళ్లీ నింపకపోతే ఎలిమెంట్ ఎండి కాలుతుంది. లివర్ మెషిన్‌లో చెడిపోయేవి తక్కువ. పిస్టన్ సీళ్లకు ఆహారానికి పనికొచ్చే గ్రీజు పెడుతూ ఉంటే చాలాకాలం నడుస్తుంది. ఒక్కటే భయం: కాఫీ పొడి అడ్డు లేకుండా లివర్ వదిలితే అది ఎగిరొచ్చి మొహం పగలగొడుతుంది. పూర్తి ఆటోమేటిక్ వాటిలో గార కంటే ముందు మురికి చంపుతుంది. లోపలి బ్రూ యూనిట్ తీసి కడగాలి, పాల గొట్టాలు రోజూ శుభ్రం చేయాలి. బటన్ నొక్కితే కాఫీ వస్తుంది కదా అని ఆ పని ఎవరికీ గుర్తుండదు.

నీళ్లకు చేసిన ఏర్పాటు

తాగడానికి వాడే ఆర్‌ఓ నీళ్లు పెడితే గార గొడవే ఉండదుగా అన్నారు. ఉండదు. కానీ లవణాలు బొత్తిగా లేని నీళ్లలో కరెంటు సరిగా పారదు, లెవెల్ ప్రోబ్ తికమక పడుతుంది. అలాంటి నీళ్లు రాగిని, ఇత్తడిని తినేస్తాయి. కాఫీ కూడా చప్పగా వస్తుంది. ఆర్‌ఓ పెడితే కొంత లవణం తిరిగి కలిపే ఏర్పాటు ఉండాలి.

ఇక్కడి నీళ్లలో క్లోరైడ్ (లోహాన్ని తినే లవణం, దాన్ని తీయడానికే ఆర్‌ఓ కావాలి) తక్కువే, కాబట్టి అంత దూరం పోలేదు. పాత సిలిండర్ తీసేసి, కాల్షియంతో పాటు బైకార్బొనేట్‌ను కూడా తగ్గించే కాట్రిడ్జ్ పెట్టాం. ఉప్పు సాఫ్ట్‌నర్ బైకార్బొనేట్‌ను ముట్టుకోదు. అది ఎక్కువైతే కాఫీలోని పులుపును మింగేసి రుచిని మొద్దుబారుస్తుంది. నేను చూసుకునే హద్దులు: హార్డ్‌నెస్ 50 నుంచి 175, ఆల్కలినిటీ (బైకార్బొనేట్ లెక్క) 40 నుంచి 70 పీపీఎం. పైపు నీళ్లు 16 చుక్కల హార్డ్‌నెస్, 12 చుక్కల ఆల్కలినిటీ. కాట్రిడ్జ్ బైపాస్ (శుద్ధి కాని నీళ్లను కొంత కలిపే మీట) సర్ది సర్ది చివరికి 7 చుక్కలు, 3 చుక్కల దగ్గర ఆపాను. కాట్రిడ్జ్‌కు నీటి మీటరు తగిలించాం. ఎన్ని నెలలైంది అని కాదు, ఎన్ని లీటర్లు పోయాయి అన్నదాన్ని బట్టి మార్చాలి.

రోజువారీ పని పెద్దగా ఏమీ లేదు, కానీ ఎవరిదో తేలాలి. మూసేటప్పుడు షిఫ్టులో ఉన్నవాళ్లదని రాసి గోడకు అంటించారు. స్టీమ్ వాండ్ వాడిన ప్రతిసారీ తడిగుడ్డతో తుడిచి ఒక్క క్షణం ఆవిరి వదలాలి. రాత్రి షవర్ స్క్రీన్ విప్పి కడగాలి. రంధ్రం లేని బాస్కెట్ పెట్టి బ్యాక్‌ఫ్లష్ (నీళ్లను వెనక్కి తోసి గ్రూప్ కడగడం) చేయాలి: 10 సెకన్లు నొక్కి, 10 సెకన్లు ఆపి, అలా ఐదుసార్లు పొడి మందుతో, మరో ఐదుసార్లు ఉత్త నీళ్లతో. ఇది త్రీవే వాల్వ్ (ప్రెషర్‌ను బయటికి వదిలే వాల్వ్) ఉన్న మెషిన్లకే. ఆ వాల్వ్ లేని చిన్న మెషిన్లలో ఇలా చేస్తే ప్రెషర్ పోయే దారి ఉండదు, పోర్టాఫిల్టర్ విప్పగానే వేడి నీళ్లు మీద పడతాయి. వారానికోసారి వేడినీళ్ల కుళాయి తెరిచి బాయిలర్‌లోంచి బాగానే నీళ్లు తీసేయాలి, మెషిన్ కొత్త నీళ్లు నింపుకుంటుంది, లోపల చిక్కబడ్డ లవణాలు పలచబడతాయి. పైసా ఖర్చు లేని పని ఇది, అయినా చేసేవాళ్లు అరుదు.

తర్వాత చూసినప్పుడు

మొదటి సర్వీసు తనిఖీలో ఎడమ గ్రూప్ 30 సెకన్లకు 245 దగ్గరే ఉంది. సైట్ గ్లాసులో నీళ్లు రెండు గీతల మధ్యే ఉన్నాయి. ప్రోబ్ బయటికి తీసి చూస్తే లోహం మెరుస్తోంది. వాండ్‌లో వాసన లేదు. కప్పుల లెక్కలో మాత్రం ఎడమది ఇంకా ముందే ఉంది. గ్రైండర్ చోటు మార్చడానికి ప్లగ్ పాయింట్ అడ్డమొస్తోందట.

ఒక్క విషయం మీద నాకు ఇంకా కన్నుంది. ఎలిమెంట్ మెగ్గర్ రీడింగ్ పాసైంది కానీ క్రితంసారి కంటే తగ్గింది. గార పొర కింద ఎక్కువకాలం అతి వేడికి గురైన ఎలిమెంట్ అది. రెండు రీడింగులూ తేదీలతో మూత లోపలి వైపు మార్కర్‌తో రాసి వచ్చాను. ఫ్లాంజ్ గ్యాస్కెట్ ఒకటి, ఎలిమెంట్ ఒకటి ముందే తెప్పించి ఉంచమని చెప్పాను. వచ్చే సర్వీసులో ఇంకా పడిపోతే అది కాలిపోయేదాకా ఆగకుండా మార్చేస్తాం.